ఇరవై ఎనిమిది మైళ్ల వేగంలో కూనిరాగం

నెల్లూరు దర్జీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. చొక్కాకు జేబు కుట్టమంటే కుడతారు, కాదనను. కానీ దాని లోతు రెండు వేళ్లు. నిటారుగా నిలబడినంతసేపు పెన్ను అందులో ఉంటుంది. వంగామా, ఉండదు. వంగే పని లేని పెద్దమనుషులే తమ దగ్గరకు వస్తారని వాళ్ల నమ్మకం కాబోలు. బి.ఎస్సీ. ప్యాసైనవాడికి వంగే పని ఏముంటుందని నేనూ అనుకునేవాణ్ణి. మొన్న మాఘమాసంలో నాలుగు రోజుల పాటు ఒక లారీ కింద వంగి, పాకి, వెల్లకిలా పడుకుని వచ్చాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఆ లారీ మా బావది. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేస్తే చేతులు మారి మారి ఆయన దాకా వచ్చిన అమెరికా బండి. ముందు చక్రాలు కూడా లాగుతాయి కనుక ఇసుకలోకి దిగుతుంది. పులికాటు ఒడ్డు నుంచి పది రోజులకొకసారి సరుగుడు కట్టెలు తెస్తుంది. మొన్న దసరా దాకా దాన్ని పోలయ్య తోలేవాడు. సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట పుట్టి, వల వదిలిపెట్టి, పట్టాళంలో డ్రైవింగు నేర్చినవాడు. స్టీరింగు ముందు కూచుంటే నోరు తెరవకుండా ముక్కుతోనే ఏదో కూనిరాగం తీసేవాడు. ఆయుధపూజ రోజున చక్రాలకు తిప్పుడిచ్చే ఇనుప షాఫ్టులు విప్పి, కడిగి, గ్రీజు పెట్టబోతూ ఒళ్లు వెచ్చగా ఉందని ఊరికి వెళ్లిపోయాడు. ఎనిమిదో రోజున ఆయన పోయాడని కబురు వచ్చింది.

ఆయన స్థానంలో మస్తానన్న చేరాడు. ఇరవై ఏళ్ల సర్వీసు, ఒక్క గీత పడని లైసెన్సు. ఆయన చేరిన రోజు నుంచే లారీ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది.

నేను నవ్వాను. మస్తానన్న నవ్వలేదు.

"అట్టా నవ్వబాకండి అబ్బాయిగారూ. ఇరవై ఎనిమిది మైళ్ల కాడ మొదలుపెడతాడు. ముప్పైఅయిదు దాటితే ఆపుతాడు. సీటు కింద నుంచి వస్తాది, అరికాళ్లలోకి. ఇదివరకు పోలయ్యతో తిరిగిన వాళ్లు విని, అదే రాగం అంటుండారు."

"నువ్వేమంటావు?"

"నేను ఆయన్ని చూళ్లేదు. నేనేమంటా? ఈ ట్రిప్పులో ఇది పోకపోతే తాళాలు మీ బావగారి చేతిలో పెట్టేస్తా. దెయ్యానికి జడిసి బండి దిగినాడని పేరు వస్తే నన్ను ఇంకొకరు ఎక్కించుకోరు. అదీ తెలుసు."

ఇంట్లో ఆరుగురు తినేవాళ్లున్న మనిషి అన్న మాట అది. దానికి బావ కనిపెట్టిన పరిష్కారం నేను. "వీడు ఫిజిక్సు చదివాడు గదా, పోయి చూస్తాడు," అన్నాడు. ఫిజిక్సులో నాకొచ్చిన మార్కులు ఆయనకు తెలియవు.

బిట్రగుంట

మొదటి మజిలీ ఉత్తరాన. రైల్వేవాళ్లు తీసిపారేసిన పాత కొయ్య దుంగలు బిట్రగుంటలో ఎక్కించుకుని, పులికాటు ఒడ్డున పడవల రేవు కడుతున్న ఒక కంట్రాక్టరుకు చేర్చాలి. బిట్రగుంట కాలనీ గీత గీసి కట్టినట్టుంటుంది. ఆ ఊళ్లో రొట్టె దొరుకుతుంది. మా నెల్లూరులో రొట్టె జ్వరం వచ్చినవాడికి పెట్టేది. ఇక్కడ ఒంట్లో బాగున్నవాళ్లు కూడా కొనుక్కుని తింటారు. నేనూ ఒకటి తిని, జ్వరం ఏమైనా వచ్చిందేమోనని నుదురు చూసుకున్నాను.

దుంగలు ఎక్కించాక రిటైరైన ఫిట్టరు ఒకాయన్ని పట్టుకున్నాం. పేరు ఆరోగ్యం మేస్త్రి. ముప్పై ఏళ్లు ఇంజన్ల పొగ పీల్చిన గుర్తుగా మాటకొకసారి దగ్గుతాడు. పరీక్ష చేయడానికి ఏ పరికరాలు తెస్తాడోనని చూశాను. ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని లారీ ఎక్కాడు. దాన్ని ముందు అద్దం కింద పెట్టి, "పోనీ," అన్నాడు.

ఇరవై, ఇరవై అయిదు. నీళ్లు మామూలుగా తొణుకుతున్నాయి. ఇరవై ఎనిమిది దగ్గర నీళ్ల మీద సన్నటి వలయాలు లేచాయి. అరికాళ్లలో చీమలు పాకినట్టయింది. అప్పుడు వినిపించింది. మూసిన నోటి వెనక నుంచి వచ్చే రాగం. ఎక్కుతుంది, దిగుతుంది, ఊపిరి తీసుకున్నట్టు ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది.

"గేరు తీసెయ్. ఇంజను కూడా ఆపు," అన్నాడు మేస్త్రి.

మస్తానన్న ఆపాడు. లారీ తన బరువుకు తానే దొర్లుతోంది. రోడ్డు మీద ఎవరూ లేరు, గాలి కూడా లేదు. ఇంజను ఆగిన బండిలో మేం ముగ్గురం నోళ్లు మూసుకుని కూచున్నాం. నాలుగోవాడు పాడుతూనే ఉన్నాడు.

మేస్త్రి గ్లాసులో నీళ్లు తాగేసి అన్నాడు. "ఇంజను కాదు. క్లచ్చీ కాదు. వాటి వెనకాల తిరిగేది ఏదో అది. చక్రాలు మార్చి తోలు. పోకపోతే ముందు షాఫ్టు పీకి తోలు. ఒక్కోటే పీకుతూ పో నాయనా. ఏది పీకితే నోరు మూస్తాడో వాడే దొంగ."

"ఎవరూ మూయకపోతే?" అన్నాను.

"అప్పుడు నా దగ్గరికి రాబాక. చర్చి అవతల వీధిలో ఉండాది."

నాయుడుపేట

రెండో రోజు పొద్దున ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి మార్చాం. పాటలో మార్పు లేదు. దొంగల జాబితాలోంచి టైర్లను కొట్టేశాను. గూడూరు దాటి నాయుడుపేట చేరేసరికి భోజనాల వేళ. హోటలు ముందు స్థలం ఉందని మస్తానన్న దూరం నుంచే ఇంజను ఆపి, ఉన్న వేగం మీదే లారీని దొర్లించుకుంటూ వెళ్లి నిలబెట్టాడు.

వడ్డించే ఆయన నడివయసువాడు, చెమటకు తడిసిన బనీను. నయాపైసలు వచ్చి ఇన్నేళ్లయినా భోజనం పన్నెండణాలు అనే చెబుతాడు. మేం ఇద్దరం కూచున్నాం. మూడు ఆకులు వేశాడు. మూడింటి మీదా నీళ్లు చిలకరించాడు. మూడింటిలోనూ ఉప్పు పెట్టాడు.

"ఇద్దరమే," అన్నాను.

"ఇంకాయన రాడా? పాడుకుంటా వచ్చినాడే, ఇంతసేపూ వినబడె."

మస్తానన్న లేచి చేతులు కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆయన ఆకులో అన్నం అలాగే ఉంది. లారీ ఇంజను ఆపి దొర్లితే వచ్చే చప్పుడే అది, ఆ సంగతి బిట్రగుంటలోనే తేలిపోయింది. అయినా నేను మూడో ఆకువైపు చూడకుండా తిన్నాను. పప్పు బాగుంది. గోంగూర మనవైపు కంటే పులుపు తక్కువ, కారం ఎక్కువ. మూడు భోజనాలకూ డబ్బులు తీసుకున్నాడు.

బయటికి వచ్చేసరికి మస్తానన్న లారీ కింద ఉన్నాడు. ముందు షాఫ్టు విప్పుతున్నాడు. ఈ బండిలో ఒక పేచీ ఉంది. ముందు చక్రాలకు లాగుడు తీసేసే మీట ఉన్నా, ఆ షాఫ్టు మాత్రం చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి దాన్ని పూర్తిగా పీకితేనే పరీక్ష. నేను సాయానికి వంగాను. పెన్ను గ్రీజు డబ్బాలో పడింది. అది ఇప్పుడు బ్రహ్మాండంగా జారుతుంది, రాయదు.

ముందు షాఫ్టు లేకుండా తోలాం. ఇరవై ఎనిమిది దగ్గర అందుకున్నాడు.

"అయితే వెనకది," అన్నాను.

"లేదా అది షాఫ్టులోనే లేదు," అన్నాడు మస్తానన్న.

 కొంతసేపటికి తనే చెప్పాడు. దొరవారిసత్రం దాటి సరస్సు వైపు తిరిగాక ఒక తూము ఉంది. వెళ్లిన ప్రతిసారీ ఒక ఆడమనిషి అక్కడ నిలబడి ఉంటుంది. చెయ్యి ఎత్తదు, బండి ఆపమనదు.

"మరేం చేస్తుంది?"

"ఊరికే వింటాది."

తూము దగ్గర

మూడో రోజు పొద్దున దొరవారిసత్రంలో ముందు షాఫ్టు మళ్లీ బిగించాం. అది లేకపోతే ఇసుకలో బండి కదలదు. అక్కడి నుంచి తూర్పుగా సరస్సు దారి. ఎనిమిదైనా మంచు విడలేదు. ఎడమా కుడీ ఉప్పుతేలిన తెల్లటి నేల. నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియదు. పొడుగుకాళ్ల పక్షుల గుంపు ఒకటి దూరంగా నిలబడి ఉంది. వాటి కాళ్లు మంచులో కలిసిపోయి, గులాబీ రంగు ఒళ్లు మాత్రం గాలిలో వేలాడుతున్నట్టున్నాయి.

ఇక్కడ ఒక విషయం ఉన్నదున్నట్టు రాయాలి. ఆ గతుకుల దారిలో మేం పదిహేను మైళ్లకు మించి పోవడం లేదు. పదిహేను దగ్గర ఆ చప్పుడు రాకూడదు. అంతకుముందు రెండు రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. తూము కనిపించగానే వచ్చింది. ఆ గతుకులకు బరువు మీద స్ప్రింగులు ఇంకా కిందికి దిగి షాఫ్టు వాలు మారి ఉండవచ్చు. నేను అలాగే రాసుకున్నాను, మస్తానన్న పెన్సిలు తీసుకుని.

ఆమె నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. నీళ్లలో దిగి వచ్చినట్టు చీర కుచ్చెళ్లు తడిసి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆపకుండా వెళ్లిన మస్తానన్న ఆ రోజు బ్రేకు వేశాడు.

"ఎవురమ్మా నువ్వు? ఎందుకు నిలబడతా ఉండావు ఇక్కడ?"

"చెంచమ్మని. ఈ బండి మా ఇంటాయన తోలేది." మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు ఆ ఒడ్డున ఆడవాళ్లకు లేదు. "నువ్వేనా ఇప్పుడు తోలేది? బో ఉరికిస్తావు నాయనా. ఆ మిట్ట కాడ ఉరికిచ్చినావంటే నోరు మూసుకుంటాడు. మెల్లంగా పోనీ."

మస్తానన్న నా వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలి గనక నేను, "అది పోలయ్యే అనుకుంటున్నావా అమ్మా?" అన్నాను.

"అనుకునేదేముంది? పద్దెనిమిదేళ్లు విన్నా. పది దినాలకొకసారి వస్తాడు, ఇని ఇంటికి పోతా. పోయి అన్నం తింటా." ఆమె కొంగుముడి విప్పి ఒక బీడీల కట్ట తీసి, నా మీదుగా చెయ్యి చాచి ముందు అద్దం కింద పెట్టింది. "మీరు తాగబాకండి," అంది.

మస్తానన్న బండి కదిలించాడు. ఆమె చెప్పినట్టే మెల్లగా పోనిచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. మంచులో ఆమె తల ఒక పక్కకు వాల్చి నిలబడి ఉంది, బండి కనబడనంత దూరం పోయాక కూడా.

ఇసుక మీద

రేవు దగ్గర కూలీలు దుంగలు దించేసరికి ఎండ ఎక్కింది. నాలుగు దుంగలు అడిగి తీసుకుని ఇసుకలో పరిచి, వాటి మీద జాకీ పెట్టి బండి వెనక భాగం లేపాం. ఒట్టి ఇసుకలో జాకీ పెడితే బండి లేవదు, జాకీ దిగుతుంది. ఇది నేను పుస్తకంలో చదివింది కాదు, దిగాక తెలుసుకున్నది.

వెనక షాఫ్టుకు రెండు కొసల్లో రెండు కీళ్లుంటాయి. వాటిలో మెకానిక్కులు క్రాసు అనే అడ్డ ఇనుము ఉంటుంది. మస్తానన్న ముందు కీలు ఊపి, వేలు పెట్టి తీశాడు. వేలి మీద ఎర్రటి పొడి.

"తుప్పు?" అన్నాను.

"క్రాసు తిరిగేదానికి లోపల సూదుల మాదిరి ఇనుప పుల్లలుంటాయే, అవి నలిగిపోతుండాయి. ఇంకో వంద మైళ్లు తోలుంటే ఈ కొస ఊడి కింద పడేది." ఆయన గొంతు తగ్గింది. "సంగం కాడ ఒక బండికి అట్టనే అయింది. షాఫ్టు రోడ్డులో గుచ్చుకుని బండి దాని మీద లేచింది. లోపలోళ్లు ఇద్దరూ..."

వేలి మీది పొడి ఇసుకకు రాశాడు. 

ఎందుకు నలుగుతున్నాయన్నది ప్రశ్న. షాఫ్టు మొత్తం దించి ఇసుక మీద గోతం పట్టా వేసి పడుకోబెట్టాం. అది రెండు ముక్కలు. ఒకటి రెండోదాంట్లోకి జారుతుంది, మధ్యలో పళ్లుంటాయి. వంపులో తిరిగే కీలు సమానంగా తిరగదు, చుట్టుకు రెండుసార్లు తూలుతుంది. రెండో కొసలో కీలు సరిగ్గా దానికి ఎదురు తూలి సర్దేయాలి. అందుకని రెండు కొసల్లోనూ క్రాసును పట్టుకునే చెవులు ఒకే దిశలో ఉండాలి. నేను కళ్లద్దాలు తుడుచుకుని రెండు కొసలూ చూశాను. ఒకదాని చెవులు నిలువుగా ఉన్నాయి. రెండోదానివి అడ్డంగా. పావు చుట్టు తేడా. ఒకడు తూలితే రెండోవాడు పట్టుకోవలసిన చోట ఇద్దరూ కలిసి ఒకే వైపు తూలుతున్నారు.

"ఇది ఎవరు బిగించారు?"

"నేనే. చేరిన రోజున రెండు ముక్కలూ షెడ్లో పడి ఉన్నాయి. బొట్లు చూసి కలిపినా." కుంకుమ బొట్టు పెట్టి గుర్తు చేసుకోవడం మా జిల్లా డ్రైవర్లకు మామూలే, సుద్దలాగా చెరిగిపోదు. గ్రీజు కింద ఎండిపోయి ఆ బొట్లు ఇంకా కనబడుతున్నాయి.

"ఒక్కో ముక్క మీద ఎన్ని బొట్లున్నాయి?"

ఆయన తిప్పి చూశాడు. "నాలుగు."

"ఏది దేనితో కలిపావు?"

"అన్నీ కలిసినాయి అబ్బాయిగారూ. అందుకే బాగా కుదిరిందనుకున్నా."

నేను గుడ్డముక్క కిరసనాయిల్లో ముంచి బొట్లు ఒక్కొక్కటే తుడిచాను. మూడింటి కింద ఒట్టి ఇనుము. ఒక్కో ముక్క మీదా ఒక్కో బొట్టు కింద మాత్రం కంపెనీవాళ్లు కొట్టిన బాణం గుర్తు ఉంది. ఆ రెండు బాణాలూ ఎదురెదురు రావాలి. పోలయ్య బొట్టు పెట్టింది ఆ బాణాల మీదే.

"తుడిచి చూడలేదా అన్నా?"

"పూజబొట్టు. మీవోళ్లు పెట్టింది. నేను తుడిస్తే బాగుంటాదా?"

మర్యాద కోసం ఒక మనిషి ముప్పు తెచ్చుకోవడం నేను మొదటిసారి చూశాను. కానీ మిగిలిన మూడేసి బొట్లూ ఎవరు పెట్టారన్నది అడగలేదు. నాకు తెలుసు. ఆయుధపూజ రోజున మా అక్క షెడ్డుకు వచ్చి, ఇంత పొడుగు ఇనుముకు ఒక్క బొట్టేమిటి బోసిగా అని, చుట్టూ సమానంగా మూడు పెట్టింది. సమానంగా పెట్టడంలో ఆమె చెయ్యి గొప్పది. పక్కన కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడ్డది నేను.

ఇది మస్తానన్నకు చెప్పాను. ఆయన, "అయితే నాకు భయం పెట్టింది మీరన్నమాట," అన్నాడు. తరువాత షాఫ్టు ముక్క తన వైపు లాక్కుని, "నేనే బిగించుకున్నాలే," అన్నాడు.

క్రాసు ఒకటి మా దగ్గర పాతదే అయినా బాగున్నది ఉంది. అది వేసి, బాణాలు కలిపే ముందు ఇద్దరం ఆగాం. మాట నేనే ఎత్తాను.

"చెంచమ్మకు చెప్పి చేద్దామా?"

"చెప్తే ఒప్పుకుంటాదా?"

"ఒప్పుకోదు."

"ఒప్పుకోలేదని అట్టనే తోలమంటారా? సంగం బండి మాదిరి పోతే?"

బాణాలు కలిపి బిగించాం. రేవు దగ్గర గట్టి నేల అర మైలు ఉంది. ఇరవై అయిదు, ఇరవై ఎనిమిది, ముప్పై. అరికాళ్ల కింద ఏమీ లేదు. కొత్త బండిలా పోతోంది. మస్తానన్న మొహం మీద నాలుగు నెలల తరువాత వచ్చిన నవ్వు చూసి నేనూ సంతోషించవలసింది. కానీ ఒక మనిషి లేచి వెళ్లిపోయిన గదిలో కూచున్నట్టుంది. మూడోసారి తోలుతున్నప్పుడు నాకు రాగం వినిపించింది. సన్నగా, ముక్కుతో. తల తిప్పి చూశాను.

మస్తానన్న తీస్తున్నాడు.

"ఏం పాట అది?" అన్నాను.

"ఏది?" అన్నాడు ఆయన. నిజంగానే ఆయనకు తెలియదు.  ఫిజిక్సులో దీని గురించి పాఠం ఉన్నట్టు జ్ఞాపకం లేదు.

తిరుగు దారి

రేవు దగ్గర పులుసు, ముతక బియ్యం అన్నం, ఉప్పు గాలి. ఆ ఒడ్డున మనిషిని పలకరించేటప్పుడు తిన్నావా అని అడగరు, నీళ్లు ఎట్టుండాయి అని అడుగుతారు. ఏ నీళ్లో తెలియక నేను బాగున్నాయి అనేవాణ్ణి. అందరూ జాలిగా చూసేవారు.

నాలుగో రోజు సరుగుడు కట్టెలు వేసుకుని బయలుదేరాం. మస్తానన్న చొక్కా ఉతికి ఆరేసుకుని తొడుక్కున్నాడు. తాళాలు ఇక ఎవరి చేతిలోనూ పెట్టనక్కర లేదు. ఉద్యోగం నిలిచింది, పేరు నిలిచింది. మిట్ట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన చెయ్యి గేరు మీదే ఉండిపోయింది.

తూము దగ్గర చెంచమ్మ మాకు వీపు పెట్టి నిలబడి ఉంది. లారీ పది గజాల దూరం వచ్చేదాకా తిరగలేదు. ఇంజను మోత వినబడక కాదు. ఆమె వింటున్నది అది కాదు. మేం ఆగాక తిరిగి చూసి, లారీని గుర్తుపట్టడానికి ఒక క్షణం తీసుకుంది.

మస్తానన్న దిగాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బొట్ల సంగతి, బాణాల సంగతి, తుప్పు పొడి సంగతి అన్నీ చెప్పాడు. తప్పు తనదేనన్నాడు. నేను కల్పించుకుని అక్క సంగతి, పళ్లెం సంగతి చెప్పాను.  చెప్పడం అయిపోయాక ఆమె బండి దగ్గరికి వచ్చి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. వేడికి చెయ్యి కాలి ఉంటుంది, తీయలేదు.

"పది దినాలకు మళ్లా వస్తామమ్మా," అన్నాడు మస్తానన్న. "ఏమన్నా కావాలంటే చెప్పు, తెచ్చిపెడతా."

ఆమె చెయ్యి తీసి చీరకు తుడుచుకుంది.

"ఆయన లేని ఒట్టి బండైతే ఈ దారిన రాబాకండి," అంది.